వాచీల మరిది ఆపరేషన్

మా మరిది వాచీలు బాగుచేస్తాడు. కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చున్నాడంటే పక్కన పిడుగు పడ్డా తలెత్తడు. నా చెల్లెలు ఏం చూసి చేసుకుందో అని మొదట్లో తెగ సణిగేదాన్ని. నా నోట్లో నువ్వుగింజ నానదని ఇంటిల్లిపాదికీ తెలుసు.

ఆరేళ్లయినా పిల్లలు లేకపోయేసరికి చెల్లెల్ని వెంటేసుకుని ఆసుపత్రుల చుట్టూ తిరిగాను. అతనికీ పరీక్ష చేయించాలని ఎవరికీ తట్టలేదు, నాకు కూడా. చివరికి తనే వెళ్లి చేయించుకొచ్చి, కాగితం నా చేతిలో పెట్టాడు. వీర్యకణాలు సున్నా.

"లోపం నాది వదినా. ఇక దానిచేత మందులు మింగించకండి," అన్నాడు.

ఆ రోజు సిగ్గుతో చచ్చిపోయాను.

డాక్టరమ్మ ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పింది. దారి మూసుకుపోయి ఉంటే సూదితో తీసేవాళ్లట. ఇతనికి అసలు తయారీయే సరిగ్గా లేదు. అందుకని వృషణం తెరిచి, లోపలి సన్నటి గొట్టాల్ని మైక్రోస్కోపుతో చూస్తూ, కాస్త లావుగా ఉన్నవాటిని ల్యాబుకి పంపుతారు. బతికున్న కణం ఒక్కటి దొరికినా చెల్లెలి అండంలోకి ఎక్కించి చూడొచ్చు. దొరికే అవకాశం సగం సగం.

"ఎన్ని రెట్లు పెద్దగా కనిపిస్తుందండీ?" అన్నాడు మరిది.

"ఇరవై."

"నాది పదే," అన్నాడు దిగులుగా. చెల్లెలు నవ్వాపుకోలేక బయటికి పరిగెత్తింది.

థియేటర్లోకి వెళ్లేముందు నన్ను పక్కకి పిలిచాడు. "దొరక్కపోతే ఆ మాట దానికి నేనే చెప్తాను వదినా. డాక్టరమ్మకీ చెప్పాను. మీ నోట రాకూడదు." ఒట్టు కూడా వేయించుకున్నాడు.

నాలుగు గంటలు పట్టింది. చెల్లెలు మందుల కోసం కిందికి వెళ్లినప్పుడు డాక్టరమ్మ వచ్చి చెప్పింది. రెండు వైపులా చూశారట, ల్యాబు వాళ్లూ వెతికారట. ఒక్కటీ లేదు.

"డాక్టరమ్మ ఏమంది?" అని అడిగింది చెల్లెలు.

"ఆపరేషన్ బాగా జరిగిందట," అని ఊరుకున్నాను. అది టీ తెస్తే తాగాను.

రెండు గంటల తర్వాత మమ్మల్ని గదిలోకి రానిచ్చారు. మెలకువ రాగానే మరిది డాక్టరమ్మనే అడిగి తెలుసుకున్నాడట. చెల్లెలి చెయ్యి పట్టుకున్నాడు గానీ మాట పెగల్లేదు.

"చెప్పక్కర్లేదులే," అంది అది. "రెండు గంటల్నుంచి అక్క నోరు మెదపలేదు. నాకప్పుడే అర్థమైంది. నీకేమీ కాలేదుగా, నాకదే చాలు."

అతను నవ్వబోయాడు, కుట్లు లాగి మూలిగాడు, ఆపైన వెక్కి వెక్కి ఏడ్చాడు. దాని చెయ్యి మాత్రం వదల్లేదు.