రూతవ్వ చెప్పే గంట కథ

జలపాతం చూడ్డానికి ఆదిలాబాద్ అడవిలోకి వచ్చేవాళ్లు మొక్కజొన్న కంకులు కొరుక్కుంటూ ఊళ్లోని పాత రాతిచర్చిలోకీ తొంగిచూస్తారు. దాని తాళంచెవి రూతవ్వ కొంగున ఉంటుంది. ముప్పై ఏళ్లుగా చర్చి ఊడ్చేది, గంట కొట్టేది ఆమే. వచ్చినవాళ్ల చేత గడప బయట చెప్పులు విడిపించి, ఆ గంట ఎడ్లబండి మీద వాగు దాటి వచ్చిన కథ చెప్పేదీ ఆమే. ఇప్పుడా కథ పాస్టరుగారి కొత్త కోడలు ప్రసన్న చెబుతోంది. ప్రసన్న కథలో బండి వాగులో దిగబడగానే ఒడ్డున పులి నిలబడుతుంది. పిల్లలు నోళ్లు తెరుస్తారు, పెద్దలు ఫోన్లు తీస్తారు. రూతవ్వ తుడిచిన బల్లనే మళ్లీ తుడుస్తూ, "గా బండి తోలింది మా తాతనే. పులి యాడికెల్లొచ్చె? నోరు తెరిస్తే అబద్ధమే గీ పిల్లకు," అని గొణుగుతుంది.

మొన్న ప్రసన్న చుట్టాల పెళ్లికని మంచిర్యాల వెళ్లింది. సుల్తానాబాద్ నుంచి వచ్చిన ఒక కుటుంబం గడపలో నిలబడి, "కథ చెప్పే మేడం లేదా?" అని అడిగింది. "నేను లేనా?" అంది రూతవ్వ. కొంగు తలమీదికి లాక్కుని తన కథ మొదలుపెట్టింది. బండి అడవి దాటింది, వాగులో చక్రం దిగబడింది. వింటున్న తండ్రి గడియారం చూసుకున్నాడు. చిన్నపిల్ల తల్లి చెయ్యి గుంజుతూ, "మమ్మీ, పోదాం పా," అంది. రూతవ్వ ఆగింది. చీపురు గోడకు ఆనించి, అచ్చం ప్రసన్నలాగే రెండు చేతులూ ముందుకు చాపి, గొంతు తగ్గించి, "గప్పుడు ఒడ్డు మీద పులి!" అంది. పిల్ల గిరుక్కున తిరిగింది. "నిజంగనా అవ్వా? పులా?"

"ఒక్కటి గాదు బిడ్డా," అంది రూతవ్వ, "రెండు."