సంచులకని ఇచ్చిన చీరలు

సింగానల్లూరులో ఆ వీధివాళ్లకు వినోదిని పేరు తెలియకపోయినా ఆమె గది తెలుసు. అన్న సుధాకరన్ ఇంటికి ముందుగది అది. ఒక కుట్టుమిషను, ఒక ఇస్త్రీ బల్ల, గోడ మేకులకు వేలాడే పాత బట్టలు. కొత్త గుడ్డ ఆమె ముట్టదు. పాతవాటిని మళ్లీ కట్టుకునేలా చేయడమే ఆమె పని. పెళ్లినాటి రవికె బిగుసుకుపోయిందని ఒకరు వస్తారు. అమ్మ పట్టుచీరతో కూతురికి పావడ కుట్టమని ఇంకొకరు. పోయిన నాయన పంచెలతో దిండుగలీబులు కావాలని మరొకరు. ఎవరేం తెచ్చినా ముందు గుమ్మంలోకి పోయి గుడ్డను వెలుగుకు పట్టి చూస్తుంది. ఎక్కడ పలచబడింది, ఎక్కడ మడత విరిగింది, ఎక్కడ ఇంకా బలం ఉంది అని వెతికి, బలం ఉన్నచోట సుద్దతో గీత గీస్తుంది. ఆ తర్వాతే కత్తెర.

ఆమెకు నలభై ఏడేళ్లు. పెళ్లి కాలేదు. రెండు సంబంధాలు నిశ్చయం దాకా వచ్చి తప్పిపోయాయి. తర్వాత నాయన మంచం పట్టాడు. ఆయన పోయేసరికి అడిగేవాళ్లు లేరు, అడిగించుకోవాలని ఆమెకూ లేదు. బనియన్ కంపెనీలో పదకొండేళ్లు ఓవర్‌లాక్ మిషను తొక్కి, అది మూతబడ్డాక ఈ గదిలో కూర్చుంది. వీటి గురించి ఆమెకు దిగులు లేదు. ఉన్నదల్లా కోపం, అదీ ఒకే ఒక్క విషయం మీద.

ఆ ఇంటి దేవతను కన్నె సామి అంటారు. ఎన్నో తరాల కిందట ఆంధ్రదేశం విడిచి ఈ తమిళసీమకు వస్తూ ఉంటే దారిలోనే జ్వరమొచ్చి చనిపోయిన ఎనిమిదేళ్ల పిల్ల అని చెప్పుకుంటారు. విగ్రహం లేదు, పటం లేదు. ఒక చెక్కపెట్టె, దానిలో చుక్కల అద్దకపు ఎర్ర సుంగుడి నూలు చీర, అంతే. ఏటా మాసి నెల శివరాత్రికి కొత్త చీర పెట్టెలో పెట్టి, పాతది బయటికి తీసి, ఇంటి పెద్ద, ఆ ఇంట పుట్టిన ఆడబిడ్డల్లో ఒకరి పేరు పిలిచి ఒడిలో వేస్తాడు. ఆ ఆడబిడ్డ మెడలో మాత్రం పసుపుతాడు ఉండాలి.

పెళ్లి కాకుండా పోయిన పిల్ల చీర, పెళ్లి కానిదానికి రాదు. ఈ మాట వినోదిని ఒకసారి, ముప్పై ఏళ్ల వయసులో, మేనత్త వెంకటమ్మాళ్‌ను అడిగింది. నువ్వు చిన్నపిల్లల లెక్కలో లేవు, ముత్తైదువుల లెక్కలో లేవు, నేనేమి చెప్పేది అంది మేనత్త. వినోదిని మళ్లీ అడగలేదు. కానీ ప్రతి శివరాత్రికీ గోడ పక్కన నిలబడి, బోడినాయకనూరు నుంచి, తేని నుంచి వచ్చిన చిన్నాన్నల కూతుళ్ల పేర్లు పిలవడం వింటూ వచ్చింది. వాళ్లు ఒడి పట్టి తీసుకుంటారు, కళ్లకు అద్దుకుంటారు, ఊరికి పోయేటప్పుడు మళ్లీ వస్తే తీసుకుంటాంలే అని పెట్టె పక్కనే వదిలేసి పోతారు. నూలు చీర కదా, బయటికి కట్టుకోలేరు. అలా తొమ్మిది చీరలు పేరుకుపోయాయి.

ఈ ఏడాది సుధాకరన్ మేడ మీద ఇంకో వాటా కట్టాడు. శివరాత్రి అయిన పది రోజులకు గృహప్రవేశం. వచ్చినవాళ్లకు తాంబూలం ప్లాస్టిక్ సంచుల్లో ఇవ్వకూడదని కూతురు జీవ పట్టుబట్టింది. జీవ కాలేజీలో చదువుతుంది. పాత బట్టలతో కొత్త వస్తువులు చేసే వీడియోలు ఫోనులో ఒకటి వదలకుండా చూస్తుంది. శివరాత్రికి ఇంకా మూడు వారాలుండగా ఒక మధ్యాహ్నం వదిన రాజామణి ఆ తొమ్మిది చీరలూ తెచ్చి మిషను పక్కన పెట్టింది.

"నూట ఇరవై సంచులు వస్తాయంట, జీవ లెక్క కట్టె. నీకు తీరినప్పుడు కుట్టు, వినోదిని."

"ఇవి సామి చీరలు కదా వదినె."

"సామివి కాదు ఇప్పుడు, ఇచ్చేసినవే కదా. ఊరికే పురుగు తింటా ఉండాయి."

"కత్తెర పెట్టొచ్చునా?"

"వెంకటమ్మాళ్ అత్తెను అడిగితిని. పదిమందికి పోతే పుణ్యమే అనె."

వదిన మంచిదే. ఆ మాటలో ఏముందో ఆమెకు తట్టనే లేదు. అదే వినోదినిని మండించింది. కొళాయిలు బిగించినవాడు, గోడకు సున్నం కొట్టినవాడు, పైన అద్దెకు రాబోయేవాడు, అందరూ ఆ చీరముక్కలో కొబ్బరికాయ వేసుకుని ఊపుకుంటూ పోవచ్చు. సంచి చెయ్యడానికి అడ్డం రాని పవిత్రత వినోదిని పేరు దగ్గరే అడ్డం వచ్చింది. పైగా ఆ సంచులు కుట్టాల్సిందీ ఆమే. ఎదురుగా బల్ల మీద ఎవరిదో ప్యాంటు ఉంటే దాని కాలికుట్టు బ్లేడుతో విప్పబోయి గుడ్డనే కోసేసింది. ముప్పై ఏళ్లలో అలా జరగలేదు.

మరునాడు తొమ్మిది చీరలనూ ఒక్కొక్కటిగా వెలుగుకు పట్టింది. గంజి పెట్టి, ఏళ్లకేళ్లు ఒకే మడతలో ఉంచినందువల్ల ప్రతి చీరా మడతల వెంబడి విరిగి ఉంది. మడతకూ మడతకూ మధ్య మాత్రం గుడ్డ గట్టిగానే ఉంది. ఆ గట్టి భాగాల్లో మేలైన పది ముక్కలు కోసింది. పాతవి ఎండుమిరప రంగుకు తిరిగాయి, కొత్తవి ఇంకా కుంకుమలా ఉన్నాయి. వాటిని ముదురు నుంచి లేతకు వరుసగా పేర్చి, రెండంచులూ లోపలికి మడిచి, కుట్టు ఏ వైపునా కనిపించకుండా చేత్తోనే కలిపింది. పన్నెండు రోజులు పట్టింది. ఐదున్నర మీటర్ల చీర తేలింది.

పదో రోజు జీవ వచ్చి చూసింది.

"అత్తె, ఇది సంచి కాదే."

"కాదు."

"ఎవరికి?"

"నాకు."

జీవ ఫోను పైకెత్తింది. దీన్ని నలుగురికి చూపేదానికి కుట్టలేదు, ఫోను లోపల పెట్టు అంది వినోదిని. అమ్మతో చెప్పనా అని అడిగితే చెప్పుకో అంది. జీవ చెప్పలేదు.

శివరాత్రి పొద్దున బంధువులంతా నడవాలో కూర్చున్నారు. సుధాకరన్ పెట్టె మూత తీస్తున్నాడు. ఈసారి వంతు బోడినాయకనూరు హేమమాలినిది, చిన్నాన్న పెద్ద కూతురు. వినోదిని ఆ చీర కట్టుకుని వచ్చి, గోడ పక్కన కాకుండా ఆడబిడ్డల వరసలో నిలబడింది. సుధాకరన్ చూశాడు. కోపం వస్తే అతనికి ముందు తమిళమే వస్తుంది. "పోదుం," అన్నాడు, చాలు అని. "పోయి చీర మార్చుకోని రా. అది నీకెవరు ఇచ్చిరి?"

"వదినె ఇచ్చె."

"సంచులకని ఇచ్చె."

"అవునన్నా, సంచులకనే. కొబ్బరికాయ మోసేదానికి పనికొచ్చిన చీర నా ఒంటికి పనికిరాదా? ఊళ్లోవాళ్లంతా చేతికి తగిలించుకోని పోవచ్చును, ఈ ఇంట్లో పుట్టినదాన్ని నేను కట్టుకోకూడదు. ఏ మురై ఇది, ఏ పద్ధతి?"

"మన పెద్దలు పెట్టిన మురై. తప్పితే సామి కుత్తం, దోషం తగులుతుంది."

"పెట్టెలో ఉండే ఆ పిల్లకు పెళ్లయ్యిందా?"

వెంకటమ్మాళ్ మేనత్త కూర్చున్నచోటి నుంచే చెయ్యి చాచి కొంగు పట్టుకుని, వేళ్లతో తడిమి, ఇందులో అతుకు ఎక్కడుందే అని అడిగింది. తొమ్మిది చోట్ల ఉండాది అత్తె అంది వినోదిని. ముసలామె ఇంకాసేపు వెతికి, దొరక్క వదిలేసింది. తర్వాత సుధాకరన్ వైపు తిరిగి, రాహుకాలం వస్తా ఉండాది కర్పూరం వెలిగించు అంది. కట్టుకోవచ్చునని అనలేదు, కూడదనీ అనలేదు.

వినోదినికి అది ఇంకా మండింది. తన మాట నిజమని కాదు, వేళ దాటుతుందని ఊరుకున్నారు. సుధాకరన్ హారతి ఇచ్చి, పాత చీర తీసి హేమమాలిని పేరు పిలిచాడు. హేమమాలిని ఒడి పట్టింది. ఈసారి దాన్ని పెట్టె పక్కన పెట్టలేదు. మడిచి, తన చేతిసంచిలో అడుగున దాచి, జిప్పు లాగేసింది.

పొంగలి వడ్డించడానికి అందరూ లేచారు. వినోదిని పెట్టె ముందుకు వచ్చి నిలబడింది.

"వచ్చే ఏడాది నా పేరు పిలువు అన్నా."

"చూస్తాం."

"ఇన్నేళ్లుగా చూస్తా ఉండావు. పిలుస్తావా లేదా, అది చెప్పు."

సుధాకరన్ పళ్లెంలో బూడిద సర్దుతున్నట్టు తల వంచుకున్నాడు. రాజామణి వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని ఆగిపోయి, సంచుల సంగతి ఇక అడగకూడదని అప్పటికి గ్రహించింది. విస్తళ్లు వేశారు. పొంగలి వాసన ఇల్లంతా కమ్మింది. పళ్లేలతో తిరిగేవాళ్లు వినోదినిని చుట్టి పోతున్నారు. ఆమె పక్కకు జరగలేదు. జవాబు వచ్చేదాకా ఆమెను దాటి అన్న పెట్టె మూత వెయ్యడానికి లేదు.