సముద్రం అవతలి అనుమతి

మోండా మార్కెట్‌లో తడి కొత్తిమీర కట్టల పక్కన పండిన జామకాయల బుట్ట దించినప్పుడు లేచే వాసన నన్ను ఇప్పటికీ తిన్నగా మా గుడిలోని కోత పండుగకు తీసుకుపోతుంది. విత్తనం ముఖమెరుగని పట్నవాసులం మేము. ఆ బజారులోనే గుమ్మడికాయలు, చెరకుగడలు, అరటిగెలలు కొని, సొంత చేలో పండించినంత భక్తితో బలిపీఠం మెట్ల మీద పేర్చేవాళ్లం. ఆరాధన అయ్యాక గుడి కోసం వాటిని వేలం వేసేవారు; ఎవరిది వాళ్లు పాడుకోవడం మర్యాద కాదు గనుక, పక్కింటివాళ్ల గుమ్మడికాయను మేమూ, మా గుమ్మడికాయను వాళ్లూ మోసుకుని ఇళ్లకు చేరేవాళ్లం.

చాలా క్రైస్తవ సంఘాలు ఒకటై ఏర్పడిన ఐక్య సంఘంలో కలవకుండా మిగిలిపోయిన చిన్న ఆంగ్లికన్ సంఘం మాది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి తరాలు గడిచినా, ప్రార్థన పుస్తకంలో ఒక మాట మార్చాలన్నా, ఎవరినైనా గురువుగా అభిషేకించాలన్నా విదేశంలోని మాతృసంఘం ఒప్పుకోవాలి. ఆదివారం ప్రార్థనలో మేమెన్నడూ చూడని అక్కడి ఆర్చిబిషప్ పేరు ముందు, మా ఇళ్లలో టీ తాగి వెళ్లే మా బిషప్ పేరు తర్వాత. గుంటూరు వైపు నుంచి వచ్చి నేరేడ్‌మెట్‌లో స్థిరపడిన మా తాతయ్య, రిటైరైన బడిపంతులు, ఆ చోటు వచ్చినప్పుడల్లా గట్టిగా గొంతు సవరించుకునేవారు. మా సంఘాన్ని మేమే పాలించుకోవాలని జీవితమంతా వాదించిన మనిషి ఆయన.

ఆయన కూతురు, మా సువార్త అత్త, వేదాంత విద్య పూర్తి చేసింది. వేసవి సెలవుల్లో వేపపూలు రాలే గుడి ఆవరణలో మాకు కీర్తనలు నేర్పేది, రోగుల మంచాల పక్క కూర్చునేది, గుడి అయ్యగారికి జ్వరమొస్తే ప్రసంగమూ చేసేది. కానీ అభిషేకం పొందిన గురువులకే ఉండే, ప్రభు భోజనపు రొట్టె విరిచే అధికారం మాత్రం లేదు. అడిగిన ప్రతిసారీ పెద్దల జవాబు ఒకటే: అక్కడినుంచి అనుమతి రావాలి. "వాళ్ల చెయ్యి తొలగనీ తల్లీ, మొదటి అభిషేకం నీదే" అనేవారు తాతయ్య.

ఆ చెయ్యి తొలగింది. మాతృసంఘం మాకు స్వపరిపాలన ఇచ్చింది. ఆ ఆదివారం అలవాటు కొద్దీ అయ్యగారు పాత పేరే ముందు చదివితే గుడంతా నవ్వింది. నూనెలో వేయించిన గులాబీ పువ్వులు, అరిసెలు పంచారు. తాతయ్య ఎవరితో మాట్లాడినా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నారు.

కొద్ది వారాలకే మా మొదటి సభ కూడింది. అత్త అభిషేకం మాట రాగానే, అల్వాల్ నుంచి వచ్చే ఏసోబు గారు లేచారు.

"జెర ఆగుండ్రి మాస్టారూ. గిప్పుడే గిదంతా షురూ చేస్తే సంఘం పరేషాన్ అయితది. సువార్తమ్మ మంచిదే, కాదంటలేను. కానీ ఆడమనిషి చేతిల రొట్టె మావోళ్లు తీస్కోరు."

"నేను వండిన బిర్యానీ మాత్రం రెండుసార్లు వడ్డించుకుంటారు కదా అన్నా" అంది అత్త. కొందరు నవ్వారు.

ఒప్పుకునేవాళ్లను చేతులెత్తమన్నారు. గోడవారన చాప మీద కూర్చున్న నేను తాతయ్యనే చూస్తున్నాను. ఆయన రెండు చేతులూ ఒళ్లోనే ఉన్నాయి.

తీర్మానం వీగిపోయింది. ఇంటికొచ్చాక తాతయ్యే అన్నారు: "కొత్తగా కట్టుకున్న ఇల్లమ్మా. అప్పుడే చీలిపోతే ఎట్లా?"

"ఇన్నేళ్లూ వాళ్లే ఆపుతున్నారనుకున్నాను నాన్నా. ఇక ఎవరి మీద కోపం పెట్టుకోమంటారు?"

 ఆ తర్వాత ఆయన ఆ ఇంట్లో స్వపరిపాలన మాట ఎత్తడం కూడా మానేశారు.

తాతయ్య ఇప్పుడు లేరు. వేలమూ లేదు, కోత పండుగకు కవర్లలో కానుకలిస్తున్నాం. అన్యాయం ఎప్పుడూ దూరదేశం నుంచే వస్తుందన్న నా చిన్ననాటి నమ్మకం కూడా పోయింది. నేను పాల్గొన్న కాలేజీ వాదోపవాదాల పోటీల్లో ప్రత్యర్థి ఎప్పుడూ ఎదుటి బల్ల దగ్గరే ఉండేవాడు. ఇక్కడ నేను వాదించవలసింది నన్ను ఎత్తుకు పెంచినవాళ్లతో. ఈసారి సభలో నాకూ ఓటుంది. అత్త అభిషేకం తీర్మానాన్ని మళ్లీ నేనే పెడతానని ఆమెకు చెప్పాను.

అత్త చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే అంది: "అభిషేకానికి మోకరించాలి. నా మోకాళ్లు ఇప్పుడు వంగవు. తీర్మానం పెట్టు, కానీ నా పేరు రాయకు. ఏసోబు గారి మనవరాలు వేదాంతం చదువుతోంది, ఆ పిల్ల పేరు రాయి. ఈసారి ఆయన చెయ్యి ఎత్తుతాడో లేదో చూద్దాం."