చెవి తమ్మె నుంచి తీసిన స్లైడు

తొంభైల మొదట్లో నేను చోడవరంలో ఒక చిన్న క్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఒక వానాకాలం బుచ్చయ్యపేట వైపు నుంచి ఒకావిడ వచ్చింది. చెరకు తోటల్లో కూలిపని. ముప్పై ఏళ్లుంటాయి. వీపు మీద, చేతుల మీద పాలిపోయిన మచ్చలు. కుష్ఠేమోనని డాక్టరుగారికి అనుమానం. కుష్ఠు మచ్చకి స్పర్శ ఉండదంటారు, కానీ సూది ఆనిస్తే తెలుస్తోందంది ఆవిడ. ఆయన తటపటాయించి, "చెవి తమ్మె నుంచి తీసి చూడవయ్యా" అన్నారు నాతో.

తమ్మెను వేళ్లతో నొక్కిపట్టి, బ్లేడుతో చిన్న గాటు పెట్టి, లోపలి తడిని గీకి గాజుపలక మీద పూశాను. ఆవిడ పళ్లు బిగించి కూర్చుంది. రంగులు వేశాక, ఆ జబ్బు సూక్ష్మజీవులుంటే నీలం మీద ఎర్రటి పుల్లల్లా కనిపిస్తాయి. పలకను మైక్రోస్కోపులో వంద చోట్ల చూడాలని మాకు నేర్పారు. ఆ రోజు మబ్బు, కరెంటు లేదు. బల్ల మీద మలేరియా స్లైడ్లు గుట్టగా ఉన్నాయి. ముప్పై చోట్ల చూసి ఉంటాను. "లేవు" అని రాసేశాను. తామరకిచ్చే పూతమందు పట్టుకుని ఆవిడ వెళ్లిపోయింది.

రెండేళ్ల తర్వాత మళ్లీ వచ్చింది. కుడిచేతి చివరి రెండు వేళ్లూ లోపలికి వంగిపోయాయి. అరచేతి అంచున కాలిన పుండు.

"బెల్లం పెనం తగిలింది బాబూ. కాలినట్టే నాకు తెల్దు. 'అమ్మా, సెయ్యి' అని మా గుంట కేకేస్తే సూసేను."

ఈసారి వెతకనక్కర్లేకపోయింది. ఎక్కడ చూసినా కట్టలు కట్టలుగా ఎర్రటి పుల్లలు. ఆవిడ వెళ్లాక పాత స్లైడు వెతికి తీశాను. రంగు వెలిసింది. అయినా అంచు దగ్గర, నేను చూడని చోట, మూడు కనిపించాయి.

డాక్టరుగారికి చెప్పాను. ఆయన ఆ స్లైడు తనూ చూశారు. "ఆవిడకి కూడా నువ్వే చెప్పు" అన్నారు.

మాత్రలకి వచ్చినప్పుడు చెప్పాను. ఆవిడ తన చెయ్యి చూసుకుంది.

"అప్పుడే మందిచ్చుంటే ఈ సెయ్యి బాగుండునా బాబూ?"

"బాగుండేదమ్మా."

"మా ఆయన పశువులసాల్లో పడుకోమంతన్నాడు. గుంటని ముట్టుకోనివ్వడు" అంది. నన్ను ఒక్క మాట అనలేదు.

రెండేళ్లు మానకుండా మందు వేసుకుంది. పరీక్షకి వచ్చినప్పుడల్లా చెవి ఇచ్చి గోడకేసి చూసేది. సూక్ష్మజీవులు ముక్కలయ్యాయి, తగ్గాయి, చివరికి లేకుండా పోయాయి. వేళ్లు మాత్రం అలాగే ఉండిపోయాయి. జబ్బు పోయిందని కాగితం రాసిచ్చినా మొగుడు ఇంట్లోకి రానివ్వలేదు. కె.కోటపాడు దగ్గర పుట్టింటికి వెళ్లిపోయిందని తర్వాత తెలిసింది. కూతుర్ని అతను పంపలేదు.