వంపు దగ్గర అంటుకున్న అయస్కాంతం

ఈ రోజు పొద్దున గల్ఫ్‌లో, సోహార్‌లోని మా సైట్‌కి ఫోర్‌మన్ వచ్చి, మెట్లకు బిగించిన స్టెయిన్‌లెస్ స్టీల్ రెయిలింగ్‌కి అయస్కాంతం పెట్టి చూశాడు. పైపు వంచిన చోట అది కొంచెం అంటుకుంది. మంచి స్టీల్‌కి అయస్కాంతం అంటదని ఆయన నమ్మకం. వెంటనే సరుకు మార్చేశాడంటూ వెల్డర్ రాజన్నకు దొంగతనం అంటగట్టాడు.

నేనక్కడ హెల్పర్‌ని. అయినా ఊరుకోలేకపోయాను.

"సార్, వంచిన కాడ స్టీల్‌కు జెర అయస్కాంత గుణం వస్తది. సక్కగున్న కాడ పెట్టి చూడుండ్రి."

ఆయనది శ్రీకాకుళం. "నువ్వు హెల్పరువా, మేస్టారువా? ఏటి నాకు పాఠం సెప్తన్నావు?" అన్నాడు.

అంటూనే పెట్టి చూశాడు. అంటుకోలేదు. అయస్కాంతం జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

జగిత్యాలలో ఎనిమిదేళ్లు ఓ ప్రైవేటు బడిలో ఫిజిక్స్ చెప్పానని నేను ఆయనకు చెప్పలేదు. ఆ బడికి ల్యాబ్ లేదు. అడిగితే, "గైడులో బొమ్మ ఉంది కదా సార్" అనేవాడు కరస్పాండెంటు. ప్రతి ఏడాదీ బోర్డు మీద చాక్‌పీసుతో అయస్కాంతం గీసి, చుట్టూ ఇనుప రజనుకు బదులు చుక్కలు పెట్టి, అంటుకుంటుందని పిల్లల్ని నమ్మించాను. నిజం అయస్కాంతంతో నేను పాఠం చెప్పింది ఈ రోజే. ఎదురుగా ఒక్క పిల్లాడూ లేడు.

మీ బడిలో అయస్కాంతాన్ని చేత్తో పట్టుకున్నవాళ్లు ఉంటే కింద రాయండి. బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నవాళ్లు రాయక్కర్లేదు, మీకు పాఠం చెప్పింది నాలాంటివాళ్లే.