బండి చెప్పులు విప్పిన రోజు

ఆ రోజుల్లో మా ఇంట్లో మగ్గం మీద పోగు తెగినా, పొయ్యి మీద పాలు విరిగినా, దండెం మీద ఆరేసిన రవిక గాలికి ఎగిరిపోయినా కారణం ఒక్కటే, తీరని నా మొక్కు. ధర్మవరంలో మా వీధికంతా తెలిసిన సంగతి అది. నాకు మూడేళ్లప్పుడు పెద్ద జ్వరమొచ్చి కాళ్లు పడిపోయాయి. ప్రాణం కూడా దక్కదేమోనని అందరూ ఏడుస్తుంటే మా అవ్వ (నాయనను కన్నతల్లి) ఒక్కతే ఏడవకుండా పెనుకొండ దిక్కుకు తిరిగి, "సామీ, నా మనవరాలు బతికితే చెప్పుల్లేకుండా నీ కొండెక్కిస్తా" అని దండం పెట్టుకుందట. స్వామి దయ, నేను బతికాను. కాళ్లు మాత్రం రాలేదు. కాళ్ల సంగతి మొక్కులో విడిగా అడగకపోతినే అని అవ్వ చాలా ఏళ్లు బాధపడింది. చెప్పుల సంగతి మాత్రం ఖచ్చితంగా చెప్పేసింది మరి.

ఆ మొక్కు పదహారేళ్లు అట్లాగే ఉండిపోయింది. ఒక ఏడాది మైల, ఒక ఏడాది చేతినిండా పెళ్లి చీరల పని, ఇంకో ఏడాది వాన. ఈలోగా నేను పెరిగాను. కొండ మీదికి అప్పట్లో మెట్లే గతి, ఆ మెట్ల మీద నన్ను ఎత్తుకుని ఎక్కడం ఎవరి తరమూ కాదు. బడికి కూడా మెట్లే కాబట్టి చదువే మా ఇంటికొచ్చింది. నాయన మగ్గం గుంతలో కూర్చుని నేస్తూ నాకు ఎక్కాలు చెప్పేవాడు. అవ్వ నాచేత భక్తి పుస్తకాలు పైకి చదివించుకుని తప్పులు దిద్దేది (ఆమెకు అక్షరం రాదు, అయినా తప్పు ఎక్కడ పడిందో ఇట్టే పట్టేసేది). ఇక పెళ్లికైనా, ఆసుపత్రికైనా, జాతరకైనా నాయన వీపే నా వాహనం. ఏడేళ్ల పిల్లకు అది వైభోగం. పంతొమ్మిదేళ్ల పిల్లకు, పెళ్లింట్లో అందరూ చూస్తుండగా నాయన వీపు మీద నుంచి చాప మీదికి దిగడమంటే నేల నోరు తెరిస్తే బాగుండుననిపించే పని. వంగి వంగి నాయన నడుము కూడా అప్పటికే మొరాయిస్తోంది. ఆ మాటెత్తితే మాత్రం, "నువ్వు బరువా పాపా? పోగంత ఉండావు" అనేవాడు. (అప్పటికి నేను బాగానే తింటున్నాను.)

ఆ ఏడాదే ఒక క్యాంపులో నాకు చక్రాల బండి ఇచ్చారు. ఎవరిచ్చారో వాళ్ల చేతులు చల్లగా ఉండాలి. నాయన దాన్ని వీధిలో దించి, చుట్టూ తిరిగి చూసి, "నా బిడ్డకు కాళ్లొచ్చినాయి" అని నలుగురికీ చెప్పుకున్నాడు. నేను వీధి ఈ కొస నుంచి ఆ కొసకు పోయి రావడమే ఒక యాత్రగా మురిసిపోతూ ఉంటే, కొండ మీదికి సిమెంటు రోడ్డు పడిందని కబురొచ్చింది. "నేను నా బండిలోనే ఎక్కుతా" అన్నాను. అవ్వ స్వామికి అప్పుడే దండం పెట్టేసింది. నాయన మాత్రం ఆలోచనలో పడ్డాడు.

"వీధిలో తిరిగేది వేరు, కొండెక్కేది వేరు పాపా. సరే, ఒగసారి చూస్తాం. మధ్యలో బండి మొండికేస్తే నేనే నిన్ను ఎత్తుకోని పోతా. ఆ పొద్దుతో బండి అటకెక్కుతాది. ఇంగ యాడికి పోయినా నా వీపు మీదనే. ఒప్పుకుంటావా?"

ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక ఆ వారమంతా నిద్ర పట్టలేదు. అటక మీద మా ఇంట్లో విరిగిన రాట్నమొకటి, సొట్టపడిన గంగాళమొకటి ఉండేవి. కళ్లు మూస్తే నా బండి వాటి మధ్యనే కనపడేది.

అమ్మ చిత్రాన్నం కట్టిచ్చి, "మీరు పోయి రాండి, ఆ కొండ మీద దాన్ని చూస్తే నా గుండె ఆగిపోతాది" అని ఇంట్లోనే ఉండిపోయింది. నాయన నన్ను ఎత్తుకొచ్చి లగేజీ ఆటోలో కూర్చోబెట్టాడు, బండిని పక్కన కట్టేశాడు. పెనుకొండలో మా చిన్నాయన కలిశాడు. ఆయనకు హిందూపురంలో సైకిల్ రిపేరీ అంగడి. మా ఇళ్లలో ఆయన పేరు పంచర్ చిన్నాయన. స్వామి దర్శనమని కొత్త తెల్ల పంచె కట్టుకుని, భుజానికి పనిముట్ల సంచి తగిలించుకుని రైలు దిగి వచ్చాడు. వస్తూనే నా బండి చక్రాలు తిప్పి చూసి, గాలి నొక్కి చూసి, "నేనుండంగ మీకేం భయం ల్యా" అన్నాడు.

కొండ కింద అందరూ ఆటోలో చెప్పులు విడిచారు. చిన్నాయన నన్ను దించి బండిలో కూర్చోబెట్టాడు. గోవిందా అని నాయన బండి మీద చెయ్యి వేశాడో లేదో, "ఆగండ్రా" అంది అవ్వ. ఆమె చూపు నా చక్రాల మీద ఉంది.

"ఒరే చిన్నోడా, ఈ చక్రాలకు చుట్టూ ఉండేదేంది?"

"టైర్లు గదమ్మా."

"అవి దేంతో చేస్తారు?"

"రబ్బరుతో."

"నువ్వు ఇప్పుడు ఆటోలో విడిచిన చెప్పులు దేంతో చేసినారు?"

చిన్నాయన తల గోక్కున్నాడు. "రబ్బరే అనుకో..."

"మరి చెప్పులేసుకోని సామి కొండ ఎట్లెక్కుతాదిరా నా మనవరాలు?"

"సుమ్నే ఉండమ్మా!" అన్నాడు చిన్నాయన. (ఊరికే ఉండమని. హిందూపురంలో ఉండి ఉండి ఆయన మాటల్లో సగం కన్నడం చేరిపోయింది.)

"నేను సుమ్మనే ఉంటా. సామి ఉంటాడా?"

నాయన మెల్లగా సర్దిచెప్పబోయాడు. "అమ్మా, దాని కాళ్లు నేలకు తగలడమే ల్యా. కాళ్లకు చెప్పుల్లేవు. ఇంగేం కావల్ల?"

"దాని కాళ్లు యాడుండాయిరా? ఆ చక్రాలే గదా దాని కాళ్లు! బండొచ్చినపొద్దు నా బిడ్డకు కాళ్లొచ్చినాయని వీధంతా టాంటాం ఏసింది నువ్వే గదా!"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నా చక్రాలను అంత నిజంగా కాళ్లని నమ్మిన మనిషి లోకంలో మా అవ్వ ఒక్కతే, ఆ నమ్మకమే ఇప్పుడు నా కొంప ముంచేట్టుంది. ఎండ ఎక్కుతోంది, ఈ వాదనలో చిన్నాయనకు ఓపిక నశించింది. "అయితే టైర్లు ఊడదీసేదా?" అన్నాడు ఎగతాళిగా.

"ఊడదీయ్" అంది అవ్వ, భక్తిగా.

పనిముట్లు లేవని తప్పించుకుందామంటే సంచి భుజానికే ఉంది. ఊడదీశాడు. ముందర ఉండే బుల్లి చక్రాలకు రబ్బరు అచ్చుపోసి ఉంది, అది ఊడదు. ఇక్కడైనా అవ్వ ఆగుతుందని ఆశపడ్డాం. ఆమె వంగి చూసి, "ఇవి కాలివేళ్లు. వేళ్లకు మెట్టెలు గూడా పెట్టుకుంటాం, తప్పుల్యా. పోనీ" అని తీర్పు చెప్పింది. ఊడిన టైర్లు ఎక్కడ పెట్టాలో తెలియక చిన్నాయన దండల్లా మెడలో వేసుకున్నాడు. అట్లా మా ఊరేగింపు బయల్దేరింది.

టైర్లు పోయేసరికి వెనక చక్రాలు పొట్టివై బండి వెనక్కి వాలింది. నేను కొండను కాకుండా ఆకాశాన్ని చూస్తూ ఎక్కుతున్నాను. ఇనుప చక్రాలు సిమెంటు మీద చేసిన చప్పుడు చెప్పతరం కాదు. కొండ మీద కోతులన్నీ పిల్లల్ని చంకనేసుకుని రాళ్లెక్కాయి. నాయన వెనక నుంచి నెట్టడం, నేను చేతుల్తో తిప్పడం, ఇసుక ఉన్న చోట బండి జారి అడ్డం తిరగడం, చిన్నాయన దాన్ని సరిచేయడం. అట్లా మూడు మలుపులెక్కాం. మూడో మలుపులో నాయన, "కాసేపు నిల్చుకుందాం, బ్రేకేసినా" అని చెయ్యి తీసి, పక్కకు జరిగి నీళ్ల బాటిల్ మూత తిప్పాడు.

ఈ బండి బ్రేకు నొక్కేది టైరునే. టైరు చిన్నాయన మెడలో ఉంది.

బండి వెనక్కి కదిలింది. నాకు ఆకాశం కూడా వెనక్కి పోతున్నట్టు కనపడింది. నాయన బాటిల్ పారేసి నా చెయ్యి అందుకోబోయాడు, అందలేదు. వెనకాల వస్తున్న చిన్నాయన, "అయ్యో" అనేలోపల బండి పోయి ఆయనకు గుద్దుకుని ఆగింది. రెండు టైర్లు మధ్యలో ఉండబట్టి పక్కటెముకలు దక్కాయి. స్వామి ఎవరి చేత ఏది మోయిస్తాడో మనకు తెలియదు, ఆ రోజు నుంచి నేను ఎవర్నీ ఎందుకు మోస్తున్నావని అడగను. "ఇరవై ఏండ్లు సైకిళ్లు బాగుచేసినోడివి, బ్రేకు సంగతి నీకు తెలీదా?" అని నాయన కేకలేస్తుంటే, చిన్నాయన టైర్లు తడుముకుంటూ, "మొక్కు ముందర నేర్చిన విద్దె ఎట్ల గుర్తొస్తాదన్నా?" అన్నాడు.

నాయన కోపం చప్పున చల్లారింది. నా ముందుకొచ్చి, నాకు వీపు పెట్టి గొంతుక్కూర్చున్నాడు. "చాలు పాపా. ఎక్కు" అన్నాడు. అంతే అన్నాడు. చొక్కా చెమటకు వీపుకంటుకుపోయి ఉంది. ఒక చెయ్యి నేలకు ఆనించి, ఇంకో చెయ్యి నడుముకు పెట్టుకున్నాడు. ఎక్కితే బండి అటకెక్కుతుంది. ఎక్కకపోతే ఇక్కడే కూర్చోవాలి. సాయం కోసం అవ్వ దిక్కుకు చూశాను.

అవ్వ ఒక కాలు మీద నిలబడి ఉంది. సిమెంటు రోడ్డు అప్పటికే పెనంలా కాలుతోంది. చూస్తుండగానే ఆమె చిన్నాయన భుజం మీది తువ్వాలు లాక్కుని, నడిమికి చించి, చెరో కాలికి చుట్టుకుని, హమ్మయ్య అని రెండు కాళ్లూ కింద పెట్టింది.

"అవ్వా, నీ కాళ్లకేముండాది?" అన్నాను.

"కాల్తాంటే తువ్వాల చుట్టుకున్యా. కండ్లు కనపడల్యా?"

"చెప్పులు గాదా అది?"

"గుడ్డను చెప్పులంటారేమే యాడన్నా? బుద్ధుండే అడుగుతాండావా?"

"అయితే నా చక్రాలకు గూడా గుడ్డ చుట్టుకుంటా."

(భక్తి పుస్తకాలు అన్నేళ్లు పైకి చదివిస్తే ఇట్లాంటి నష్టాలుంటాయి.) అవ్వ నన్ను చూసింది, చక్రాలు చూసింది, తన కాళ్లు చూసుకుంది. తర్వాత కొండ పైకి చూసి, చాలాసేపు ఏదో విన్నట్టు తలాడించి, "గుడ్డయితే ఫరవాల్యా అంటాండాడు" అంది.

నాయన లేచాడు. నేతగాడి చేతులు కదా, గుడ్డ కనపడితే వాటికి అలుపు గుర్తుండదు. తన తువ్వాలు సగానికి చించి పేలికలు చేసి, బిగించి, సందు లేకుండా చక్రానికి చుట్టుకుంటూ పోయాడు. ఒక చక్రం సగంలో గుడ్డ అయిపోయింది. అందరం చిన్నాయన కొత్త పంచె దిక్కుకు చూశాం.

"వద్దు" అన్నాడు చిన్నాయన.

"సామి పని" అంది అవ్వ.

పంచె పోయింది. తెగిన పోగులకు వేసే చిన్న గట్టి ముడులు వేసి నాయన రెండు చక్రాలూ పూర్తి చేశాడు. బండి మళ్లీ నిటారుగా లేచింది, నాకు కొండ కనపడింది. బ్రేకు వేసి చూస్తే గుడ్డను పట్టుకుని నిలిచింది. చప్పుడు లేదు, జారడం లేదు. మేం మళ్లీ కదిలాం. నా వెనక నాయన, పక్కన అవ్వ, అందరికన్నా వెనక చారల నిక్కరుతో, మెడలో రెండు టైర్లతో చిన్నాయన. పై నుంచి దిగి వస్తున్న ఒక పెద్దామె ఆయన్ను చూసి నిలబడిపోయింది.

"ఏమప్పా, ఇదేం మొక్కు?"

"మా ఇంటాచారంలేమ్మా" అన్నాడు చిన్నాయన, తల ఎత్తకుండా. ఆమె భక్తితో దండం పెట్టి పోయింది.

మిగతా దారిలో నన్ను ఎవరూ ఎత్తుకోలేదు. పైన గాలి చల్లగా కొట్టింది. కింద చేలన్నీ రకరకాల చీర అంచుల్లా కనిపిస్తున్నాయి, వాటి మధ్య ఒక రైలు పోగులా జరిగిపోతోంది. ఇంత పెద్ద లోకాన్ని నాయన భుజం మీదుగా కాకుండా ఎదురుగా చూడటం నాకదే మొదటిసారి. గుడి ముందర నాలుగు మెట్లున్నాయి. నాయన మెట్లను చూసి నన్ను చూశాడు. "ఈన్నుంచే దీపం కనపడతాండాది నాయనా" అన్నాను. నిజంగానే కనపడింది. పూజారి హారతి నా దగ్గరికే తెచ్చాడు. అవ్వ కళ్లు మూసుకుని చాలాసేపు మొక్కుకుంది. ఈసారి ఏం మొక్కుకున్నావో ముందే చెప్పమ్మా అని చిన్నాయన బతిమాలాడు, చెప్పలేదు.

దిగేటప్పుడు టైర్లు మళ్లీ వేశారు. మొక్కు ఎక్కేదానికే గానీ దిగేదానికి కాదని అవ్వే చెప్పింది. తిరుగుదారిలో ఆటోలోకీ, మా వాకిలి మెట్ల మీదికీ నన్ను బండితో సహానే ఎక్కించారు. ఇంటికొచ్చాక నాయన బండి గురించి మంచీ చెడ్డా ఏమీ అనలేదు. మర్నాడు మగ్గం చప్పుడు వినపడకపోతే ఏమిటా అని తొంగిచూశాను. నాయన మా వాకిలి ముందరి రెండు మెట్ల మీద సిమెంటు పోసి ఏటవాలుగా చదును చేస్తున్నాడు. అది ఆరాక అవ్వ దానికి కూడా గడపకు పెట్టినట్టే పసుపు రాసి కుంకుమ పెట్టింది.

ఆ తర్వాత నేను చాలా కొండలెక్కాను. ఇప్పుడు నాలాంటి వాళ్లం కొందరం ఏడాదికి రెండు మూడుసార్లు బండ్లతో పోగలిగిన గుట్టలు వెతుక్కుని పోయి వస్తుంటాం. కొత్తగా వచ్చిన పిల్లలకు బ్రేకు సంగతి నేనే చెప్తాను. నాయన నడుము ఈ వయసులో కూడా నిలిచి ఉంది, అందుకు రోజూ దండం పెట్టుకుంటాను. ఆ మూడో మలుపులో నేను గెలిచిన గెలుపు చిన్నది కాదు. ఒక్కటే, ఆ పొద్దున ఇంట్లోంచి ఆటో దాకా నన్ను ఎత్తుకున్నదే నాయన ఎత్తుకున్న ఆఖరుసారి. ఆ సంగతి నాకప్పుడు తెలియదు. "మెల్లగ నాయనా, జడ లాగుతాండావు, అందరూ చూస్తాండారు" అని దారి పొడుగునా సణుగుతూనే పోయాను. ఆ పంతొమ్మిదేళ్ల పిల్ల ఇప్పుడు ఎదురుపడితే కోప్పడను. జడ సంగతి తర్వాత చూసుకోవచ్చు, ఆటో వచ్చేదాకా నోరు మూసుకుని ఆ మెడ గట్టిగా పట్టుకోవే అని మాత్రం చెప్తాను.