అరచేతి హెచ్చరిక

వనపర్తి కాలేజీలో కరెంటు పోగానే మా కంప్యూటర్ ల్యాబ్ అటెండర్ జ్వరం చూసినట్టు యూపీఎస్ మీద అరచేయి వేసేవాడు. "ఇంకైదు నిమిషాలే సార్" అనేవాడు. ఎన్నడూ తప్పలేదు.

నాకు పౌరుషమొచ్చింది. యూపీఎస్ నుంచి లినక్స్ సర్వర్‌కు, కరెంటు కాక సమాచారం మాత్రమే మోసే సన్నటి కేబుల్ కలిపాను. బ్యాటరీ తగ్గితే తెరమీద హెచ్చరిక వచ్చేలా రెండు రోజులు కూర్చుని అమర్చాను.

ప్రాక్టికల్స్ నాడు కరెంటు పోయింది. ఆయన "ఐదు నిమిషాలే" అన్నాడు. "హెచ్చరిక రాలేదుగా, రాయండి" అన్నాను పిల్లలతో. ఐదో నిమిషానికి అన్నీ ఆరిపోయాయి. పిల్లలు రాసిన ప్రోగ్రాములన్నీ పోయాయి.

వెనక్కి వెళ్లి చూస్తే కేబుల్ లేదు. అది కిటికీ పరదాకు కట్టి ఉంది.

"టెస్టర్ పెడితే ఎలగలే సార్. కరెంటు లేని వైరెందుకని పీకిన" అన్నాడాయన. "చెప్పనీకి నేనున్న గద."